పిల్లల సైన్స్ ఫిక్షన్ అంటే అంత లోకువా?

మొన్న రాత్రి మా మేనకోడలికి కథ చదివి వినిపిస్తున్నా. తొమ్మిదేళ్లది. కథలో ఒకమ్మాయి మార్స్ మీద బేస్‌లో ఉంటుంది, బయట దుమ్ము తుఫాను, భయమేసి భూమ్మీదున్న అమ్మకి వీడియో కాల్ చేస్తుంది, అమ్మ టక్కున ఎత్తి "భయపడకు తల్లీ" అంటుంది, అంతే, భయం పోయింది. మాది పేజీ మీద చెయ్యి పెట్టి ఆపేసి "మావయ్యా, అంత దూరం కదా, అప్పుడే ఎలా వినపడింది?" అంది.

ఏం చెప్పను? మార్స్ నుంచి సిగ్నల్ కాంతి వేగంతో వచ్చినా గ్రహాలు దగ్గరున్నప్పుడు 3 నిమిషాలు, బాగా దూరమైనప్పుడు దాదాపు 22 నిమిషాలు, అదీ ఒకవైపుకే. అంటే ఆ పిల్ల "అమ్మా" అన్నాక జవాబు కోసం ముప్పావు గంట దాకా కూర్చోవాలి. అసలు కథంతా అక్కడే ఉంది కదండీ! అమ్మ మొహం స్క్రీన్ మీదకొచ్చేసరికి పిల్ల ఏడుపు మానేసి ఆడుకుంటూ ఉండొచ్చు, అమ్మ మాత్రం ఆ ఏడుపుకే కంగారుపడుతూ మాట్లాడుతుంటుంది. ఇంత మంచి సీన్‌ని చేతులారా పారేసుకున్నారు. (తుఫానుకి బేస్ ఊగిపోయిందని కూడా రాశారు, అక్కడి గాలి ఒత్తిడి మన దాంట్లో ఒక్క శాతం కూడా ఉండదు, అసలు భయం దుమ్ము కమ్మేసి సోలార్ ప్యానెల్స్‌కి ఎండ అందకపోవడం, సరే వదిలేద్దాం.)

రాసేవాళ్లని అడిగితే "పిల్లల కథ కదా, లెక్కలెందుకు" అంటారు. మరి అదే కథలో సైంటిస్ట్ తాతయ్య చేత రెండు పేజీలు గ్రహాల పాఠం చెప్పించారే, అప్పుడు గుర్తురాలేదా పిల్లలని? చివర్లో తూచ్, ఇదంతా కల!

తప్పులు ఉండకూడదని కాదు నేననేది. ఫ్రెంచ్ రచయిత జూల్ వెర్న్ 1865 నాటి తన నవలలో ముగ్గురిని ఫిరంగి గుండులో కూర్చోబెట్టి చంద్రుడి వైపు పేల్చాడు, నిజంగా అయితే ఆ దెబ్బకే ముగ్గురూ పచ్చడి. కానీ ఆ సంగతి ఆయనకీ తట్టింది, అందుకే గుండు అడుగున నీళ్లు నింపి కుదుపు తగ్గించే ఏర్పాటు రాశాడు. అది పనిచెయ్యదు, అయినా నాకు ముద్దొస్తుంది, ఎందుకంటే చదివేవాడు అడుగుతాడని భయపడ్డాడు చూడండి, ఆ భయం మనవాళ్లకి లేదు.

మర్నాడు మాది కథని తనే రిపేర్ చేసి చెప్పింది. అమ్మ నిజంగానే టక్కున కనపడిందట. తుఫాను వస్తోందని ముందే తెలుసుకుని, పిల్ల కాల్ చెయ్యకముందే మెసేజ్ పంపేసిందట.