తరుగు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తరుగు గారి సముఖానికి, వరి రైతు నమస్కరించి రాయునది.

వానాకాలం ధాన్యం కొనుగోలు కేంద్రానికి చేరింది. తూకంలో కోత పెట్టే తమరూ చేరారు. ఏటా కోతలకు ముందు జరిగే సమీక్షలో “తరుగు తీస్తే కఠిన చర్యలు” అని అధికారులు హెచ్చరిస్తారు. మర్నాడు పేపర్లో ఆ వార్త చూడగానే తమరు బయలుదేరారని మాకు అర్థమైపోతుంది.

తేమ 17 శాతం దాటకూడదన్నారు, రోడ్డు మీద ఆరబోశాం. తాలు ఉండకూడదన్నారు, తూర్పారబట్టాం. రంగు మారినవీ మొలకెత్తినవీ కలిపి 5 శాతం మించకూడదన్నారు, మించలేదు. ఇన్ని పరీక్షలు దాటిన ధాన్యానికి పూర్తి మద్దతు ధర ఇవ్వాలన్నది నిబంధన. తమరికి ఆ పట్టింపులేవీ లేవు. తేమ 16 వచ్చినా వస్తారు, 13 వచ్చినా వస్తారు.

సంచికి 40 కిలోలు. గోనె సంచి బరువు కింద మరో అరకిలో పైచిలుకు, అందులో తప్పేమీ లేదు. ఆ పైన రెండు కిలోలు తమరి వాటా. ఎందుకని కాంటా దగ్గర అడిగితే “మిల్లులో దించుకోరు” అంటారు. అక్కడితో అయిపోతుందా? లారీ మిల్లు ముందు రెండు రోజులు నిలబడ్డాక కేంద్రానికి ఫోను వస్తుంది: ఇన్ని బస్తాలు తగ్గించి రాసుకుంటేనే దించుతాం. లారీలో వెళ్లిన ధాన్యం లెక్క రాసే ట్రక్ షీటులో అంకె మారుతుంది. మాకు డబ్బు పడేది ఆ మారిన అంకెకే.

నాలుగెకరాలకు 100 క్వింటాళ్లు పండాయనుకోండి, 250 సంచులు. కేంద్రంలో కోసిందే 5 క్వింటాళ్లు. 2025-26లో ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు కాబట్టి 11,945 రూపాయలు. మిల్లు దగ్గర పోయింది వేరే.

తమరి అసలు ప్రతిభ ఆ తర్వాత కనిపిస్తుంది. ప్రభుత్వం మరపట్టడానికి మిల్లుకు అప్పగించిన ప్రతి క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం (ఉప్పుడు బియ్యం కానివి) తిరిగి రావాలి. మరి ఆ 5 క్వింటాళ్లకు? కాగితం మీద అవి పుట్టనే లేదు గదా, బియ్యం ఎవరడుగుతారు! నేను పండించాను, హమాలీ మోశాడు, లారీ తీసుకెళ్లింది. ఇంతమంది చూసిన ధాన్యాన్ని లేనిదిగా చేయడం తమరికే చెల్లింది.

దయచేసి ఐరోపా వైపు మాత్రం వెళ్లకండి. అక్కడివాళ్లకు మర్యాద తెలియదు. సరుకు కొన్నవాడి చేతికి వెళ్లాక, అమ్మినవాడి తప్పు లేకుండా పాడైతే ఆ నష్టం అమ్మినవాడి నెత్తిన వేయరాదని 2019లోనే యూరోపియన్ యూనియన్ ఆదేశం తెచ్చుకున్నారు. త్వరగా పాడయ్యే సరుకుకు 30 రోజుల్లో డబ్బివ్వాలట. ఫిర్యాదు చేసినవాడి మీద కక్ష తీర్చుకోవడమూ నేరుగా నిషేధమే. ఇక్కడ ఫిర్యాదు చేసిన రైతు లారీ ఎన్నాళ్లు ఎండలో నిలబడుతుందో తమరికి చెప్పనవసరం లేదు. చట్టాలు మనకూ ఉన్నాయి లెండి, వ్యవసాయ మార్కెట్ల చట్టం 1966 నాటిది, తూనికలు కొలతల చట్టం 2009 నాటిది. తమరిని చూస్తే వాటికి కొంచెం మొహమాటం.

ఇంత పెద్ద హోదాలో ఉండి తమరు చాటుగా తిరగడం మాకే బాధగా ఉంది. అందుకని రసీదులో తమరికొక గడి గీయించాను: కోసిన కిలోలు, కోసిన కారణం, కోసినవారి సంతకం. రేపు కాంటా దగ్గరికి ఆ కాగితం తెస్తున్నాను. పెన్ను కూడా నాదే.

ఇట్లు,
సంచికి రెండు కిలోలు తక్కువగా,
తమ విధేయుడు