మొత్తం సంఖ్య ఒక్కటే చూస్తే చాలదు

మెదడు పొరలకూ రక్తానికీ సోకే మెనింజోకాకల్ అనే బ్యాక్టీరియా జబ్బు కేసులు తగ్గుతున్నప్పుడు, దాని మీద ఇంత నిఘా దేనికని ఈమధ్య ఒక వ్యాసంలో అడిగారు. ఇంగ్లండ్‌లో ఏం జరిగిందో చూడండి. మొత్తం కేసులు తగ్గుతున్న రోజుల్లోనే, ల్యాబ్‌లో బ్యాక్టీరియా ఏ రకమో తేల్చడం వల్ల వాటిలో డబ్ల్యూ అనే రకం పెరుగుతోందని బయటపడింది: 2009లో 22 కేసులు, 2014లో 117. పైగా కొందరు టీనేజర్లలో ముందు కనిపించినవి వాంతులు, విరేచనాలు. ఫుడ్ పాయిజనింగ్‌లే అనుకుని ఊరుకుంటే గంటల్లో ప్రాణాల మీదికొస్తుంది. డబ్ల్యూ రకం ఇలా పెరగడం వల్లే 2015 ఆగస్టులో టీనేజర్లకు ఏ, సీ, డబ్ల్యూ, వై అనే నాలుగు రకాల నుంచీ కాపాడే ఏసీడబ్ల్యూవై టీకా మొదలుపెట్టారు. రకాలవారీ లెక్క లేకపోతే ఏ టీకా ఎవరికి వేయాలో ఎలా తెలిసేది? అక్కడ చదువుకోవడానికి వెళ్లే మన పిల్లల్లో 25 ఏళ్లలోపు వాళ్లు హాస్టల్లో చేరకముందే ఈ టీకా వేయించుకోవాలి. తల్లిదండ్రులూ, దయచేసి వాయిదా వేయకండి.