నాలుగేళ్ళు గ్యాస్ తాగిన ఏసీ గారికి

మహారాజశ్రీ ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ గారి సముఖమునకు, కడప నుంచి తమ కింద మంచం వేసుకుని పడుకునేవాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఈ మర్యాద చూసి కంగారు పడకండి. కార్తీకం నుంచి మాఘం దాకా మా ఇంట్లో మీరు ఉత్త 'అది'. "దాని మీద బూజు పట్టింది చూడండి" అంటుంది మా ఆవిడ. "దానికి ఆ పాత చీర చుట్టెయ్ నాయనా" అంటుంది మా అమ్మ. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోగానే మీకు 'గారు' తగులుకుంటుంది. ఉగాదికైతే చెప్పనే అక్కర్లేదు. ఆ రోజు దేవుని కడప వెంకన్న గుడికి హిందువులూ ముస్లింలూ కలిసి పోతారు కదా, ఆ వారంలోనే మా వీధిలో అందరూ కలిసి పోయే చోటు ఇంకోటుంది. ఏసీ మెకానిక్కు కొట్టు.

ఈ ఏడు మిమ్మల్ని నిద్ర లేపింది శివరాత్రి పోయిన పదో రోజు. చీర ముసుగు తీశాం. రిమోట్‌లో బ్యాటరీలు ఉప్పు పూసి ఉంటే గోడ గడియారంలోవి పీకి వేశాం. నొక్కాను. మీరు ఒక కూత కూసి, మూతి తెరిచి, తడిసిన గోనెసంచి వాసనొకటి నా మొహాన వదిలి, ఊరుకున్నారు. గాలి వస్తోంది, చల్లదనం లేదు. ఆగిన కంప్రెషర్ మళ్ళీ తిరగాలంటే గొట్టాల్లో ఒత్తిడి రెండు వైపులా సర్దుకోవాలట. అందుకే స్టెబిలైజర్ మూడు నిమిషాలు ఆపి పెడుతుందట. ఇదంతా ఇప్పుడు తెలుసు. ఆ రోజు తెలియక, రెండున్నర నిమిషాలకోసారి విసుగొచ్చి స్టెబిలైజర్ ఆపి వేస్తూ, ఆ మూడు నిమిషాల్ని అరగంట చేశాను.

ఆ తర్వాత చెయ్యి పరీక్ష. మీకు ఇంతకంటే అవమానం ఇంకోటి ఉండదు. నేను మంచం ఎక్కి అరచెయ్యి పెట్టి "పర్వాలేదు" అన్నాను. మా ఆవిడ అంట్ల గిన్నెల దగ్గర్నుంచి తడి చేత్తో వచ్చి "బాగానే ఉందే" అంది. తడి చేతికి టేబుల్ ఫ్యాన్ గాలి కూడా బాగానే ఉంటుంది, ఆ మాట పైకి అనలేదు. మా అమ్మ చెయ్యి కూడా పెట్టలేదు. గడప దగ్గరే నిలబడి, "పోయినేడు ఇంతకంటే చల్లగా ఉండె" అని తీర్పు చెప్పింది. పోయినేడు ఇదే గడప దగ్గర అంతకు ముందటేడు గురించి ఇదే మాట అంది.

ఇంతమంది సాక్షులు చెప్పాక నేరం రుజువైనట్టే. గ్యాస్ అయిపోయింది.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. నాలుగేళ్ళుగా ఏటా ఇదే నెలలో మీకు గ్యాస్ ఎక్కించాను. ఏటా 2,500 రూపాయలు. వచ్చే మనిషి మిమ్మల్ని విప్పేవాడు కాదు, తూచేవాడు కాదు. పాతకాలం వైద్యుడు నాలుక చూసినట్టు కింద నుంచి ఒకసారి మూతిలోకి చూసి, "గ్యాస్ అయిపోయింది సార్, ఎక్కించాల" అనేవాడు. నేను ఎందుకు నమ్మానంటే, మా ఇంట్లో అన్నీ అయిపోయేవే. వంటింట్లో సిలిండర్ అయిపోతుంది, బండిలో పెట్రోలు అయిపోతుంది, ఇరవయ్యో తారీఖుకి జీతం అయిపోతుంది. మీరొక్కరు అయిపోకుండా ఎందుకుంటారు?

పైగా నా దగ్గర సాక్ష్యం కూడా ఉండేది. నెల్లూరులో మా బామ్మర్ది ఇంట్లో ఏసీ గొట్టం కింద పొద్దునకి బకెట్ నిండుతుందట. ఫోన్‌లో గొప్పగా చెబుతాడు, బావి తవ్వించినట్టు. మా గొట్టం కింద నేను పెట్టిన చెంబులో అడుగు కూడా తడవలేదు. నీళ్ళు పడటం లేదంటే చలవ లేదని, చలవ లేదంటే గ్యాస్ లేదని నేనే తేల్చేశాను. ఆ నీళ్ళు గాలిలోని తేమ అని, సముద్రం పక్కనున్న నెల్లూరు గాలిలో తేమ ఉంటుందని, మార్చి, ఏప్రిల్‌లలో కడప గాలి అప్పడం లాంటిదని నాకు తట్టలేదు. లేని తేమను మీరు మాత్రం ఎక్కణ్ణుంచి తెచ్చి కారుస్తారు?

మిమ్మల్ని కాపాడింది ఇంటర్ చదివే మా అమ్మాయి. మెకానిక్కుకి ఫోన్ చేయబోతుంటే పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అడిగింది: "అయిపోయిందంటే ఎక్కడికి పోయింది నాన్నా?"

నా దగ్గర జవాబు లేదు. ఎక్కడికి పోతుంది? పెట్రోలు కాలి పొగవుతుంది. మీ గ్యాస్‌ని మీరు కాల్చరు. గదిలో వేడిని పీల్చుకుని రాగి గొట్టంలో బయటి పెట్టెకి పోయి, అక్కడ వేడిని వదిలి, అదే గ్యాస్ మళ్ళీ లోపలికి వస్తుంది. కొన్న రోజు ఉన్నదే పదేళ్ళకీ తిరగాలి. ఏడాదికోసారి వదలడానికి అదేమన్నా కేసీ కెనాల్ నీళ్ళా? తగ్గిందంటే ఎక్కడో కారుతోందని. అలాంటప్పుడు గొట్టాలు బిగించిన నట్ల దగ్గర నూనె మరక కనబడాలి, సబ్బు నురుగు పూస్తే బుడగ రావాలి. ముందు ఆ చిల్లి మూయాలి, తర్వాతే గ్యాస్ పోయాలి. చిల్లి చూడకుండా నాలుగేళ్ళు పోసిన వాణ్ణి ఏమనాలో, పోయించుకున్న వాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి.

మేడ మీదికి పోయి బయటి పెట్టె మీద అంటించిన కాగితం చదివాను. కొన్నాక మొదటిసారి. గ్యాస్ పేరు ఆర్-32, బరువు ఎన్ని గ్రాములో కూడా రాసి ఉంది. కిలో కూడా లేదు. నాలుగేళ్ళు వాళ్ళు పోశామన్నది నిజంగా పోసి ఉంటే మీరు ఈపాటికి సత్రంలో పెళ్ళిభోజనం చేసొచ్చిన వాడిలా ఆయాసపడుతుండాలి. ఎక్కువైనా మీకు కష్టమేనట. అందుకే తెలిసినవాళ్ళు త్రాసు మీద తూచి పోస్తారట. త్రాసు అనే వస్తువు మా ఇంటికి ఎన్నడూ రాలేదు. మా అమ్మ చింతపండు కొనేటప్పుడు చూసిందే.

అప్పుడు కొలవాలనిపించింది. ఇంట్లో ఉన్న కొలత సాధనం జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ ఒక్కటే. దాన్ని మీ నోట్లో పెట్టాను. 32 డిగ్రీల లోపు దానికి అంకెలు రావు, 'లో' అని చూపించి ఊరుకుంది. మా అమ్మ అటుగా పోతూ "దానికి జరమొచ్చిందా నాయనా?" అంది. తగ్గిందని చెప్పాను.

మర్నాడు కొట్లో తీగ చివర ముల్లున్న థర్మామీటర్ ఒకటి కొన్నాను. చేపల తొట్టెలో వేసేది, 200 కూడా కాలేదు. పద్ధతి చెబుతాను వినండి, మీ గురించే కదా. కిటికీలు మూసి, ఫ్యాను ఎక్కువలో పెట్టి, 18 మీద ఉంచి పదిహేను నిమిషాలు వదిలెయ్యాలి. తర్వాత మీరు గాలి పీల్చే పైభాగంలో ఒకసారి, గాలి వదిలే మూతి దగ్గర ఒకసారి కొలవాలి. రెండింటికీ తేడా సుమారు 8 నుంచి 12 డిగ్రీలుంటే మీరు ఆరోగ్యంగా ఉన్నట్టు. గది చల్లబడ్డాక మాత్రం కొలవకూడదు. మీరు ఇన్వర్టర్ వంశం వారు, పని అయ్యాక నిదానిస్తారు, అప్పుడు తేడా తక్కువే చూపిస్తారు. సాయంత్రం ఐదు తర్వాత ఫైలు తెరవని ఉద్యోగి తీరు అదే కాబట్టి నాకు సులువుగానే అర్థమైంది.

పీల్చేది 33, వదిలేది 27. ఆరు.

నిజం చెప్పాలంటే సంతోషపడ్డాను. నాలుగేళ్ళ నా అనుమానం నిజమేనన్నమాట. మా అమ్మాయి వచ్చి మీ మూత ఎత్తింది. ఆ జాలీలు రెండూ బయటికి తీస్తే, ఏసీ గారూ, నాకు మాట రాలేదు. జాలీలో రంధ్రాలు లేవు. కంబళి ఉంది. సంక్రాంతికి సున్నం కొట్టే ముందు గోడలు గీకిన పొడి, మా అమ్మ పరుపు దులిపిన దూది, కడప దుమ్ము, ఒక బల్లి గుడ్డు పెంకు. ఇన్నాళ్ళూ మీరు ముక్కు రంధ్రాల్లో దూది పెట్టుకుని పరుగు పందెంలో పాల్గొన్నారు. నేను గట్టు మీద నిలబడి "గ్లూకోజ్ ఎక్కించండి" అని అరిచాను.

బయటి పెట్టె కథ ఇంకా ఘోరం. మీరు వేడి వదిలే చోట వడియాలు తొందరగా ఎండుతాయని మా అమ్మ కనిపెట్టి, సరిగ్గా ఆ ఫ్యానుకు అడ్డంగా చేటలు నిలబెట్టింది. వెనక రేకుల సందుల్లో ఎండుమిరపకాయల గింజలు, పావురాయి ఈకలు. మీరు లోపలి నుంచి తెచ్చిన వేడి బయటికి పోవడానికి దారేదీ?

జాలీలు కుళాయి కింద కడిగి నీడన ఆరబెట్టాం. మెయిన్ ఆపి, బయటి రేకుల మీద గొట్టంతో మెల్లగా నీళ్ళు పట్టాం. గట్టిగా పడితే రేకులు వంగిపోతాయి. చేటలు పిట్టగోడ మీదికి మారాయి. ఈ మార్పు మీద మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మళ్ళీ కొలిచాను. పీల్చేది 33, వదిలేది 21. పన్నెండు.

ఖర్చు: సబ్బు ముక్క, ఒక ఆదివారం.

ఇప్పుడు మీ తరఫున కొన్ని మాటలు నేనే మాట్లాడాలి, మీకు ఎలాగూ ఒక్క కూత తప్ప రాదు. మీ మీద రాసిన టన్నుల లెక్కను మా మామగారు మీ బరువనుకుని "గోడ ఆగుతుందా అల్లుడూ" అని అడిగారు. ఒక టన్ను మంచుగడ్డ 24 గంటల్లో కరగాలంటే ఎంత వేడి కావాలో, అంత వేడిని అదే సమయంలో గదిలోంచి లాగెయ్యగలగడం ఒక టన్ను. ఆ శక్తిని లెక్క కట్టేది కూడా బయట 35 డిగ్రీలున్నప్పుడు. మే నెల కడపలో 35 అంటే పొద్దున టిఫిన్ వేళ మాట. మధ్యాహ్నం 43 దాటినప్పుడు మీ శక్తి తగ్గక ఏం చేస్తుంది? నా శక్తీ తగ్గుతుంది, నాకెవరూ గ్యాస్ ఎక్కించమనరు.

మా కప్పు సంగతి కూడా ఉంది. మా తాత కట్టిన మిద్దెకి దూలాలు, దంతెలు, వాటి మీద జానెడు మందం చౌడు మన్ను. మిట్టమధ్యాహ్నం కూడా లోపల కునుకు పట్టేది. దాన్ని పడగొట్టి ఆరంగుళాల కాంక్రీటు పోసి, పైన ఇంకేమీ వెయ్యకుండా పగలంతా దాన్ని పెనంలా కాలనిచ్చి, రాత్రి పదకొండుకి ఆ పెనం కింద పడుకుని మీరు చల్లగా లేరంటున్నాను. ఆ మిద్దె పోయిన సంగతి మా అమ్మ నెలకోసారైనా గుర్తు చేస్తుంది. చేటలు తీసేశాక వారానికోసారి.

ఇంకొకటి, ఆ 16. మా ఇంట్లో ఎండనపడి వచ్చిన ప్రతివాడూ రిమోట్ పట్టుకుని 16 దాకా నొక్కుకుంటూ పోతాడు, బండి యాక్సిలరేటర్ తొక్కినట్టు. 16 పెట్టినంత మాత్రాన మీరు ముందుగా చల్లబరచరు, ఎక్కువసేపు తిరుగుతారు, అంతే. స్టార్ ముద్ర ఉన్న ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24 చూపించాలని ఢిల్లీ నుంచి 2020 జనవరి 1 నుంచే నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కూడా చెబుతారు. మీరు పాపం పొద్దున్నే బుద్ధిగా 24 చూపిస్తారు. మా వాళ్ళు దాన్ని మీరు చెప్పిన మొదటి బేరం అనుకుంటారు.

మీకు మా బాధలు పట్టవని ఒకప్పుడు తిట్టుకున్నాను. మీ వంశవృక్షం చదివాక ఆ కోపం పోయింది. 1902లో విల్లిస్ క్యారియర్ అనే ఇంజనీరు మీ మూలపురుషుణ్ణి తయారు చేసింది న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసు కోసమట. తేమకి కాగితం సాగి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడకపోతే, కాగితానికి సుఖంగా ఉండాలని. అక్కడి మనుషులు చల్లబడటం కొసరు. పుట్టుకే అలాంటప్పుడు, నిద్రపట్టని నన్ను చూసి మీరు జాలిపడాలనుకోవడం నా అత్యాశ.

ఈ ఉత్తరం రాస్తుండగానే మన మెకానిక్కు ఫోన్ చేశాడు. ఏటా నేనే చేసేవాణ్ణి, ఈసారి ఆలస్యమైందని కంగారు పడ్డట్టున్నాడు.

"ఏం సార్, ఏసీ ఆన్ చేసినారా? గ్యాస్ చూద్దామా?"

"అక్కర్లేదబ్బా. కొలిచినాను. పన్నెండుంది."

కాసేపు అటు వైపు ఏమీ వినబడలేదు. మీ స్టెబిలైజర్ ఆపినట్టు.

"పన్నెండేంది సార్?"

చెప్పాను. పైన ఇంత, కింద ఇంత, తేడా ఇంత. గొంతు సవరించుకున్నాడు.

"మంచిది సార్. అయితే స్టెబిలైజర్ పోయింటాది, వచ్చి చూసి పోతా."

ఇట్లు,
రేపు సాయంత్రం ఇంట్లోనే ఉండబోయే తమ విధేయుడు.