చూపు పోతుంటే 21 రోజులు ఆగమంటారా?

ఈ వారంలో నలుగురు పంపారు, అదే మెసేజ్. "తీవ్రమైన వైరల్ జ్వరం తగ్గాక చూపు మసకబారితే టెన్షన్ పడకండి. నొప్పి, ఎరుపు లేకపోతే అది నీరసమే. 21 రోజులు ఆగితే సర్దుకుంటుంది. రక్తం చిక్కబడకుండా రోజూ ఒక ఆస్పిరిన్ వేసుకోండి. పొద్దునా సాయంత్రం కళ్ళ వ్యాయామం చేయండి. కంట్లో రక్తపు గడ్డలు ముసలివాళ్ళకే వస్తాయి." పంపినవాళ్ళంతా నా మేలు కోరేవాళ్ళే. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

కళ్ళ వ్యాయామం కనుగుడ్డును తిప్పే కండరాలకు. రెటీనా, అంటే కంటి వెనక బొమ్మ పడే పొర, దాని రక్తనాళంలో ఇరుక్కున్న గడ్డ దాంతో కదలదు. దీని గురించి ఇంతకంటే అక్కర్లేదు.

వయసు మాట సగమే నిజం. పెద్దవాళ్ళలో, బీపీ, షుగర్, కంటి నరాన్ని దెబ్బతీసే గ్లాకోమా ఉన్నవాళ్ళలో ఈ ముప్పు ఎక్కువే. కానీ తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, రక్తం త్వరగా గడ్డకడుతుంది. కోవిడ్ రోజుల్లో, ఒంట్లో రక్తపు గడ్డల జాడ చెప్పే డి-డైమర్ పరీక్ష అందరి నోటా నానింది ఇందుకే. వేరే జబ్బేమీ లేని యువకుల్లో కూడా కోవిడ్ తర్వాత రెటీనా సిర మూసుకుపోయిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్, ప్రొటీన్ సి లోపం లాంటి, రక్తం తేలిగ్గా గడ్డకట్టే జబ్బులు ఒంట్లో ఉన్నా చాలామందికి మొదటి గడ్డ పడేదాకా తెలియదు.

ఆస్పిరిన్ సలహా ఇచ్చినవాళ్ళు అది ఏ వైరసో అడిగారా? డెంగీ అయితే ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి, రెటీనాలోనే రక్తం చిమ్మవచ్చు. డెంగీలో ఆస్పిరిన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతుంది. గుండె కోసమో మరో కారణానికో డాక్టర్ రాసి ఇచ్చినవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు సొంతంగా ఆపకూడదు. మిగతావాళ్ళు ఒక ఫార్వర్డ్ చూసి మొదలుపెట్టకూడదు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని మాట, "నొప్పి లేకపోతే నీరసమే." రెటీనాకు నొప్పి తెలిపే నరాలే లేవు! దాని ప్రధాన ధమని మూసుకుపోతే నిమిషాల్లో ఆ కన్ను చీకటైపోవచ్చు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. రక్తం అందకపోతే కొద్ది గంటల్లోనే రెటీనా కోలుకోలేనంతగా దెబ్బతింటుంది. మీరిచ్చే గడువు 21 రోజులా? ఆ అంకె ఎక్కడిది? రెటీనా మెదడులో భాగంగా పుట్టిన కణజాలం, కాబట్టి ఇది కంటికి వచ్చిన స్ట్రోక్. తర్వాతి రోజుల్లో మెదడుకూ స్ట్రోక్ వచ్చే ముప్పు పెరుగుతుంది. చూపు వెంటనే తిరిగొచ్చినా సరే, స్ట్రోక్ చూసే ఎమర్జెన్సీకి అప్పటికప్పుడే వెళ్ళాలి.

సిర మూసుకుంటే కథ కాస్త నెమ్మదిగా నడుస్తుంది. నిద్ర లేచేసరికి ఒక కంటికి మసక, మధ్యలో మరక. చూపు కేంద్రంలో చేరిన వాపును కంట్లో ఇచ్చే ఇంజెక్షన్లతో తగ్గించవచ్చు. ఆలస్యమైన కొద్దీ తిరిగొచ్చే చూపు తగ్గుతుంది. కొందరిలో నెలల వ్యవధిలో చెడ్డ రక్తనాళాలు మొలిచి, కంటి ఒత్తిడి పెరిగి, ఆ కన్నే పోవచ్చు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ మెసేజ్ రాసిన మనిషి ఎవరికో చూపు దానంతటదే రావడం నిజంగానే చూసి ఉండవచ్చు. డెంగీ తర్వాత రెటీనాలో వచ్చే వాపు చాలామందిలో వారాల్లో తగ్గుతుంది. చిన్న నాళాలు మూసుకుని ఏర్పడే తెల్లటి దూది మచ్చలు కూడా మాయమవుతాయి. జ్వరం తర్వాత మసకకు కళ్ళు పొడిబారడమే కారణం కావచ్చు కూడా. అయితే ఇది అదో, గడ్డో ఇంట్లో కూర్చుని ఎవరూ చెప్పలేరు. కంట్లో చుక్కలు వేసి, పాపను పెద్దది చేసి చూడాలి, అవసరమైతే రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్ తీయాలి.

ఆ మెసేజ్ మీరు ఎవరెవరికి పంపారో వాళ్ళలో ఈ మధ్యే జబ్బు నుంచి లేచినవాళ్ళుంటే, ఇప్పుడే ఫోన్ చేయండి. ఒక్కో కన్నూ విడిగా మూసి చూసుకోమనండి. రెండూ తెరిచి ఉంటే బాగున్న కన్ను రెండోదాని లోటును కప్పేస్తుంది.