తుపాకీ నిషేధం మనిషికి, ఇంటికి కాదు
ఇంట్లో ఒకరికి ఫెలనీ (తీవ్రమైన నేరం) శిక్ష పడితే మిగతావాళ్లూ తుపాకీ వదులుకోవాల్సిందేనని ఒక వ్యాసంలో రాశారు. అమెరికా ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే చట్టం, అలా అనదు. నిషేధం శిక్ష పడిన మనిషికే, భార్య హక్కు భార్యదే. చిక్కంతా తుపాకీ ఎక్కడ పెట్టారన్న దగ్గరే. అతను చేత్తో ముట్టుకోకపోయినా, ఉందని తెలిసి, కావాలంటే తీసుకోగలిగే చోట ఉంటే అతని ఆధీనంలో ఉన్నట్టే లెక్క కట్టొచ్చు. అలా దొరికితే, ఫెడరల్ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. మేముండే టెక్సస్‌లో ఇంకో తిరకాసుంది. శిక్ష, పెరోల్ ముగిసిన ఐదేళ్లకు ఇంట్లో తుపాకీ ఉంచుకోవచ్చని రాష్ట్ర చట్టం అంటుంది, ఫెడరల్ చట్టం కుదరదంటుంది. రాష్ట్రం మాట నమ్ముకుని దొరికిపోయేవాళ్లు ఉంటారు పాపం. మా పక్కింటావిడ తమ్ముడు జైలు నుంచి వచ్చి ఆమె దగ్గరే దిగాడు. డ్రాయర్లో సాక్సుల కింద ఉండే పిస్టల్‌ని ఆవిడ నంబర్ లాక్ ఉన్న సేఫ్‌లోకి మార్చింది. బాగానే ఉంది. కానీ ఆ నంబర్ రాసిన చీటీ ఫ్రిజ్ తలుపుకే అంటించి ఉంది! నేను చెప్పాక నాలుక కరుచుకుని చించేసింది, కోడ్ కూడా మార్చింది.