ప్రతినాయకుడి సమయానికి విలువ లేదా?

లోకంలో ప్రతి వృత్తివారికీ పనివేళలున్నాయి, సెలవులున్నాయి, బకాయిలు నిలదీసి అడిగే సంఘాలున్నాయి. ఒక్క వర్గం మాత్రం యాభై ఏళ్లుగా ఏ సంఘమూ లేకుండా, ఎవరికీ వినతిపత్రం ఇచ్చుకోకుండా, చీకటి కోటల చివరి గదుల్లో నిలబడి ఎదురుచూస్తోంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి, గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వెలువడింది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని, తలా ఒక వీరుడి వేషం కట్టి, పాచికలు వేస్తూ, డంజన్ మాస్టర్ అనే ఒక్క మనిషి నడిపే కథలో తిరిగే ఈ తరహా ఆటలు ఆనాటి నుంచి ఎన్నో రకాలుగా విస్తరించాయి. వీరుల బలాబలాలు, ఆయుధాలు, విశ్రాంతి వేళలు వివరించడానికి లావుపాటి నియమగ్రంథాలున్నాయి. వారి చేతిలో ఓడిపోవడానికే పుట్టిన ప్రతినాయకుడు ఎంతకాలం వేచి ఉండాలి, ఆ కాలంలో ఆయన ఏం చేసుకోవచ్చు అన్న ప్రశ్న మాత్రం చాలా బల్లల దగ్గర ఎవరి నోటా రాదు.

ముందుగా నేరం స్వరూపం చూద్దాం. రాజ్యాన్ని కబళించబోతున్న మాంత్రికుడి గుట్టు వీరులకు తెలిసింది. ఆయన ఉండే బురుజు ఉత్తరాన మూడు రోజుల నడక దూరంలో ఉందనీ తెలిసింది. బయల్దేరే ముందు తాడు కొనాలని ఒకరంటారు. తాడు అమ్మే దుకాణదారుడి పేరేమిటని మరొకరు అడుగుతారు. ఆ క్షణం వరకూ పుట్టనైనా పుట్టని ఆ దుకాణదారుడికి డంజన్ మాస్టర్ తడబడుతూ ఒక పేరు పెట్టి, నోరు జారి ఒక తప్పిపోయిన తమ్ముణ్ణి కూడా ఇస్తాడు. ఇక రెండు వారాల ఆట ఆ తమ్ముణ్ణి వెతకడానికే సరిపోతుంది. దారిలో గాబ్లిన్ అనే పొట్టి రాక్షసజాతి ప్రాణి ఒకటి పట్టుబడుతుంది. దాన్ని చంపడం ధర్మమా అన్న చర్చ ఒక సాయంత్రం, చంపరాదని తేలాక దాని పెంపకం, చదువు ఎవరి బాధ్యత అన్న చర్చ మరో సాయంత్రం సాగుతాయి. ఈలోగా ఉత్తరాన బురుజులో మాంత్రికుడు బలిపీఠం కడిగించి, కొవ్వొత్తులు వెలిగించి, మొదటి రోజు రాసుకున్న ప్రసంగాన్ని మళ్లీ ఒకసారి చదువుకుంటూ ఉంటాడు.

ఎట్టకేలకు బురుజు చేరాక కూడా ఆయనకు దక్కేది అవమానమే. 2014 నాటి నియమాల ప్రకారం ఎనిమిది గంటల లాంగ్ రెస్ట్ తీసుకున్న వీరుడికి పోయిన హిట్ పాయింట్లన్నీ, అంటే ప్రాణబలం లెక్కంతా, తిరిగి వస్తాయి, అయితే ఇరవై నాలుగు గంటల్లో అలాంటి విశ్రాంతి ఒక్కసారే దక్కుతుంది. కాబట్టి ఉదయం తొమ్మిదింటికి మొదటి గదిలో దొరికినవాణ్ణల్లా చంపి, ఉన్న మంత్రాలన్నీ ఖర్చుపెట్టేసిన బృందం, తలుపుకు అడ్డంగా ఒక మంచం జరిపి, మళ్లీ నిద్రపోయే అర్హత వచ్చేదాకా అక్కడే కూర్చుంటుంది. పక్క గదిలో తన సేనాపతి ఆర్తనాదం విన్న ప్రతినాయకుడు మర్నాటి దాకా ఆ గదిలోనే ఉండాలని వీరుల నమ్మకం. నిధిని తరలించడం, కాపలా రెట్టింపు చేయడం ఆయనకు చేతకాదా? అసలు రాత్రికి రాత్రే బురుజు ఖాళీ చేసి, గుమ్మానికి టు-లెట్ బోర్డు వేలాడదీసి వెళ్లిపోతే తెల్లారి లేచిన వీరులు ఎవరి మీద కత్తి దూస్తారు?

అలా వెళ్లిపోడు, ఎందుకంటే ఆయన్ని కదలనివ్వరు. చాలామంది డంజన్ మాస్టర్ల చేతిలో ప్రతినాయకుడు తలుపు తెరుచుకున్నప్పుడే ఊపిరి పీల్చే జీవి. వీరులు మర్నాడు వచ్చినా, మూడు నెలలు తిరిగి వచ్చినా, బలిపీఠం మీద ఎత్తిన కత్తి అప్పుడే దిగబోతూ ఉంటుంది, మంత్రంలో ఆఖరి అక్షరం అప్పుడే పలకబోతూ ఉంటుంది. ఈ సమయపాలనను కొందరు నాటకీయత అని మెచ్చుకుంటారు. ఒక తెలివైన, క్రూరమైన, నూరేళ్ల పథకం ఉన్న వ్యక్తిని సినిమా హాల్లో కట్టవుట్ స్థాయికి దించడమని నా అభిప్రాయం.

మన ఇతిహాసాల్లో ఈ విషయం మీద ఎక్కువ స్పష్టత కనిపిస్తుంది. రావణుడు సీతకు పన్నెండు నెలల గడువు పెట్టాడు. హనుమంతుడు అశోకవనం చేరేసరికి అందులో రెండు నెలలే మిగిలాయి. వానలు వెళ్లిపోయినా అంతఃపురంలో మునిగి ఇచ్చిన మాట మరచిన సుగ్రీవులు ప్రతి బల్ల దగ్గరా ఇద్దరు ముగ్గురు ఉంటారు గానీ, కోపంతో కిష్కింధ గుమ్మం తొక్కే లక్ష్మణుడు మాత్రం కనబడడు. ఇక దుర్యోధనుడు ఈ శాస్త్రంలో ఆచార్యుడు. పాండవుల అజ్ఞాతవాసం ముగిసేదాకా సింహాసనం మీద మీసం మెలేస్తూ కూర్చోలేదు. నలుదిక్కులకూ వేగుల్ని పంపించాడు, కీచకుడి చావు కబురు వినగానే లెక్క కట్టి విరాటుడి ఆవులను పట్టించాడు. ఆయన పథకం ఫలించలేదన్నది వేరే సంగతి.

గైగాక్స్ ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టాడు. తొలినాళ్ల నియమాల్లో నేలమాళిగల్లో పది నిమిషాల సమయం ఒక వంతు. వంతు గడిచినప్పుడల్లా ఆరు ముఖాల పాచిక వేసి, అక్కడ తిరుగాడే రాక్షస జీవి ఏదైనా ఎదురైందా అని చూసేవారు. గోడకు ఆనుకుని కబుర్లు చెప్పుకునే ప్రతి పది నిమిషాలకూ ఒక ధర ఉండేదన్నమాట. 1979లో వచ్చిన డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఆయన మరో అడుగు ముందుకు వేసి, కాలం లెక్క కచ్చితంగా రాసిపెట్టని ఆటకు అర్థమే ఉండదని వాక్యమంతా పెద్దక్షరాల్లో అచ్చు వేయించాడు. ఆట జరగని రోజుల్లో బయట ఒక రోజు గడిస్తే కథలోనూ ఒక రోజు గడిచినట్టే లెక్కించమన్నాడు.

ఈ ఒక్క సూచనను నేటి పెద్దవాళ్ల బృందాలు పాటిస్తే ప్రపంచంలోని ప్రతినాయకులందరూ ఏడాది తిరక్కముందే నెగ్గుతారు. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉద్యోగాలు చేసుకునే ఐదుగురు తీరిక ఆదివారం ఒకటి కలిసి వెతుక్కోవడం ఎంత కష్టమో తెలిసినదే. ఒకరికి ఆఫీసులో రిలీజ్, ఒకరింట్లో గృహప్రవేశం, ఒకరి పిల్లాడికి పరీక్షలు, ఒకరు వస్తానని వాట్సాప్‌లో బొటనవేలు చూపించి రారు. రాక్షససేన కోట గోడ ఎక్కుతుండగా ఆగిన యుద్ధం ఉగాదికి మొదలై దసరాకు కూడా అదే నిచ్చెన మీద ఉంటుంది. ఆ నిచ్చెన మీద ఒంటికాలితో నిలబడ్డ సైనికుడి తరఫున ఎవరైనా మాట్లాడారా?

పరిస్థితి అంతటా ఇంత దయనీయంగా లేదని చెప్పాలి. రిచర్డ్ బేకర్, జేమ్స్ జేకబ్స్ రాయగా 2006లో వచ్చిన రెడ్ హ్యాండ్ ఆఫ్ డూమ్ అనే డంజన్స్ అండ్ డ్రాగన్స్ కథాగ్రంథంలో అజార్ కుల్ అనే సేనాధిపతిని నేను ఈ వర్గానికి ఆదర్శంగా ప్రతిపాదిస్తాను. ఆయన హాబ్‌గాబ్లిన్ సైన్యం ఎల్సిర్ లోయ మీదికి దిగుతుంది. ఏ నాటికి ఏ ఊరు చేరుతుందో రోజువారీ పట్టిక డంజన్ మాస్టర్ చేతిలో ఉంటుంది. వీరులు తాడు బేరమాడుతున్నారా, గాబ్లిన్‌కు అక్షరాభ్యాసం చేస్తున్నారా అన్నది ఆ పట్టికకు సంబంధం లేని విషయం. డ్రెలిన్స్ ఫెర్రీ అనే రేవు ఊరి జనం మూటలు కట్టుకోక తప్పదు, చివరికి బ్రిండోల్ నగరం ప్రాకారం కింద సైన్యం వచ్చి నిలవక తప్పదు. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి, సైన్యాన్ని ఆలస్యం చేయించే అవకాశం వీరులకూ ఉండడం. లోతైన కనుమ మీది వంతెన కూల్చగలిగితే కొన్ని రోజులు కలిసొస్తాయి. అంటే గడువు పొడిగింపు అసాధ్యమేమీ కాదు. ప్రాణాలకు తెగించి సంపాదించుకోవాలంతే, దుప్పటి కప్పుకుని పడుకుంటే రాదు. శత్రువును ద్వేషించని, తొందరపెట్టని, అసలు పట్టించుకోని ఈ ప్రవర్తనలో ఒక హుందాతనం ఉంది. వీరులు రాకపోతే నొచ్చుకునే ప్రతినాయకుల కంటే, వచ్చారో లేదో తర్వాత గుమస్తాను అడిగి తెలుసుకునే ప్రతినాయకుడే వీరులకు ఎక్కువ భయం పుట్టిస్తాడు.

కాల్ ఆఫ్ కతూలూ అనే భయానక ఆట కోసం 1984లో వచ్చిన మాస్క్స్ ఆఫ్ న్యార్లథోటెప్ అనే కథలోని కుట్రదారులైతే ఈ బాధ్యతను ఏకంగా ఆకాశానికే అప్పగించారు. కథ 1925 జనవరిలో న్యూయార్క్‌లో మొదలవుతుంది. కుట్ర ఫలించే ముహూర్తం 1926 జనవరి 14, ఆ రోజు నిజంగానే సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఆ ఆటలో వీరుల స్థానంలో ఉండే పరిశోధకులు లండన్, కైరో, నైరోబీ, షాంఘై అంటూ స్టీమర్లలో వారాల తరబడి ప్రయాణించవచ్చు, ఓడలో పేకాడుకోవచ్చు. చంద్రుడు వారి కోసం ఆగడు, ఆట నడిపేవారు ఎంత జాలిపడినా పంచాంగం మారదు.

అందరికీ ఇలాంటి గ్రహబలం ఉండదు కనుక అసెరెరాక్ మరో మార్గం ఎంచుకున్నాడు. 2017 నాటి టూమ్ ఆఫ్ అనైహిలేషన్ అనే డంజన్స్ అండ్ డ్రాగన్స్ కథాగ్రంథంలో ఈ వయోవృద్ధ లిచ్, అంటే చచ్చినా మంత్రబలంతో నిలిచి ఉన్న మాంత్రికుడు, వేసిన మృత్యుశాపం లోకమంతటా పనిచేస్తుంది. ఒకసారి చచ్చి మంత్రబలంతో బతికినవారు రోజుకో హిట్ పాయింట్ చొప్పున శాశ్వతంగా క్షీణిస్తారు, కొత్తగా చచ్చినవారిని బతికించే దారి ఉండదు. వీరులను పనికి పంపిన వృద్ధురాలు కూడా ఆ రోగులలో ఒకరు. అలాంటి స్థితిలో వీరులు పోర్ట్ న్యాంజారు అనే రేవు పట్టణం చేరతారు. అక్కడ డైనోసార్ పందేలు జరుగుతాయి. ఇంతకంటే వివరించనవసరం లేదు. పంపిన పెద్దావిడ మంచం మీద రోజురోజుకూ ఎండిపోతుంటే, ఆవిడిచ్చిన డబ్బుతో వీరులు ట్రైసెరటాప్స్ మీద పందెం కాస్తారు. ఇక్కడ అసెరెరాక్ చేసిన ఏర్పాటు చూడండి. ఆయన ఎవరినీ వెంటాడలేదు, ఎవరికీ హెచ్చరిక పంపలేదు. ఆలస్యానికయ్యే ఖర్చును నేరుగా వీరుల సన్నిహితుల ఖాతాలో రాసేశాడు. పొద్దునే లేచి లెక్క చూసుకునేది వారే.

2010లో అపోకలిప్స్ వరల్డ్ అనే ఆటతో ప్రచారంలోకి వచ్చి, 2017 నాటి బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే మరో ఆటతో మరింత వ్యాపించిన గడియారాల పద్ధతి ఈ వ్యవహారాన్నంతా దఫ్తరు పనిగా మార్చింది. కాగితం మీద ఒక వృత్తం గీసి, నాలుగో ఆరో ఎనిమిదో ముక్కలు చేసి, వీరులు పొద్దుపుచ్చినప్పుడల్లా ఒక్కో ముక్క నల్లగా నింపుతారు. వృత్తం నిండిన రోజున ప్రతినాయకుడి పని పూర్తయినట్టు. ఈ పద్ధతి న్యాయమైనదే. ఒక మహామాంత్రికుడి జీవితాశయం పెన్సిలు గీతల్లో సగం నిండి కనబడుతుంటే మాత్రం, రెవెన్యూ కార్యాలయంలో ఏ బల్ల మీదో ఆగిన ఫైలు చూసినట్టు మనసు చివుక్కుమంటుంది.

ఆటగాళ్ల తరఫున ఒక వాదన వినిపిస్తుంది. తాము అలసిపోయి సరదా కోసం వచ్చామనీ, తెర వెనుక ఏ రాజ్యమో కూలిందని చివర్లో చెబితే అది మోసమనీ అంటారు. రెండో మాటలో న్యాయం ఉంది. ఎవరికీ కనబడకుండా పనిచేసే ప్రతినాయకుడికీ, అసలు పనిచేయని ప్రతినాయకుడికీ బల్ల దగ్గర తేడా తెలియదు. కాబట్టి ఆయన కబురు పంపాలి. మొదటి వారం సత్రంలో ఉప్పు ధర పెరగాలి, రెండో వారం ఉత్తరం నుంచి రావలసిన బళ్లు రాకపోవాలి, మూడో వారం దుకాణదారుడి తమ్ముడు అవతలి సైన్యంలో కొత్త చొక్కా వేసుకుని కనబడాలి. పెంపుడు గాబ్లిన్ జోలికి పోవడం చవకబారు పని. దానికి మేనమామనని చెప్పుకుంటూ ఒక పెద్దమనిషి పూలూ పండ్లూ పట్టుకుని వీరుల బసకు వస్తే, పెద్ద చదువులకు బురుజుకు పంపమని మర్యాదగా అడిగితే, ఆ రాత్రి ఎవరూ ఎనిమిది గంటలు నిద్రపోరు.

ఇన్ని కబుర్లు పంపినా వీరులు కదలకపోతే ప్రతినాయకుడు నెగ్గాలి, మరో దారి లేదు. అయితే నెగ్గిన తర్వాత ఆయన బతుకు ఎలా ఉంటుందో ఎవరూ ఆలోచించరు. శిస్తు వసూలు చేయాలి, కాలవలకు పూడిక తీయించాలి, పాత సేనాపతుల మధ్య స్థలం తగాదాలు తీర్చాలి. ఈ దశకు చేరిన ప్రతినాయకుణ్ణి చూడాలంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్ కథల్లోని బరోవియా లోయకు వెళ్లాలి. 1983లో ట్రేసీ, లారా హిక్‌మన్ దంపతులు రేవన్‌లాఫ్ట్ కోటలో కూర్చోబెట్టిన కౌంట్ స్ట్రాడ్ వాన్ జారోవిచ్ ఎప్పుడో నెగ్గినవాడు. లోయ ఆయనది, జనం ఆయన ప్రజలు, చుట్టూ కమ్మిన పొగమంచు దాటి ఎవరూ బయటికి పోలేరు, ఆయనతో సహా. చావు లేని రక్తపిశాచి కనుక వీరులు ఎంతకాలం తాత్సారం చేసినా ఆయనకు పోయేదేమీ లేదు. వల్లాకి ఊరి బొమ్మల దుకాణంలో కోతితో ఆడుకుంటూ వీరులు వారాలు గడిపేస్తారు, ఆయన అభ్యంతరం చెప్పడు. కానీ ఆ కథను తిరిగి చెప్పిన 2016 నాటి గ్రంథం ప్రకారం ఆయన మనసులో ఉన్న కోరికల్లో ఒకటి, వచ్చిన వీరుల్లో తన తర్వాత ఈ లోయను ఏలగలవారెవరైనా ఉన్నారేమో చూడడం. అందుకే ఆయన తోడేళ్లను పంపి పరీక్షిస్తాడు, తానే దారిలో ఎదురై పలకరిస్తాడు, చివరికి భోజనానికి రమ్మని స్వయంగా ఉత్తరం రాస్తాడు. తోడేళ్లతో పోరాడి గెలిచిన వీరులు ఆ ఉత్తరం అందుకున్నాక, ఇది ఉచ్చు అయి ఉంటుందా అని తర్కించడానికి మూడు వారాలు తీసుకుంటారు.