మెతుకు చెప్పేది కొంతే
చిన్న నమూనాలతో పరీక్షిస్తే కొత్త అణు ఇంధనానికి అనుమతి ఇరవై ఏళ్లకు బదులు కొన్నేళ్లలోనే వచ్చేస్తుందన్న మాటతో సగమే ఏకీభవిస్తాను. అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో మినీఫ్యూయల్ పేరుతో పరిశోధకులు ఇంధనాన్ని చిన్న బిళ్లలుగా చేసి పరీక్షిస్తున్నారు, అది తెలివైన పనే. బిళ్ల పల్చగా ఉంటే లోపల వేడి పేరుకోదు, అణు విచ్ఛిత్తి వేగం పెంచినా ఉష్ణోగ్రత అదుపులోనే ఉంటుంది. కానీ అసలు రియాక్టర్‌లో పెల్లెట్ అనే ఇంధన దిమ్మ నడిమి భాగం అంచు కంటే వందల డిగ్రీలు ఎక్కువ కాగుతుంది. ఆ తేడాకే అది పగులుతుంది, ఉబ్బి బయటి తొడుగును నెడుతుంది. మిల్లీమీటరు మందం లేని బిళ్లలో ఆ తేడా దాదాపు ఉండదు. నేను సివిల్ వాణ్ని. ఒకసారి మా సైట్లో మీటరున్నర మందం రాఫ్ట్ పునాది మీద నాలుగో రోజే వెంట్రుకవాసి పగుళ్లు కనిపించాయి. లోపల కాంక్రీటు కాగుతోంది, పైన రాత్రి చలికి చల్లబడింది. తీరా చూస్తే బలం పరీక్షకు పోసిన 28 రోజుల కాంక్రీటు క్యూబులన్నీ పాస్! 15 సెంటీమీటర్ల క్యూబుకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? అన్నం ఉడికిందో లేదో మెతుకు చెబుతుంది గానీ, అడుగంటిందో లేదో చెప్పదు కదా. పనికిరాని మిశ్రమాలను ముందే ఏరిపారేయడానికి బిళ్లలు చాలు. చివరికి నిలిచిన రెండు మూడింటికి మాత్రం పెల్లెట్లు పేర్చిన పూర్తి సైజు ఇంధన రాడ్ పరీక్ష తప్పించకూడదు. చిక్కేమిటంటే అలాంటి పరీక్షలకు రియాక్టర్లే తగ్గిపోతున్నాయి, నార్వేలోని హాల్డెన్ రియాక్టర్‌ను 2018లోనే మూసేశారు.